పట్టకారు దొరకని సీమలు

*విదేశమున కాపురము పెట్టిన తెలుగువారికి ఖరీదైన వస్తువులన్నియు చేతికందుచుండగా, చిల్లర సామాను కొరకు ఈ వెదకులాట యెందులకు?*

శ్రావణమాసపు మధ్యాహ్నము. గుంటూరు బ్రాడీపేటలోని ఒక మేడయింటి నడిమి గదిలో, చాపమీద రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరచికొని పడియున్నవి. వానిచుట్టును కారము సంచులు, కందిపొడి డబ్బాలు, గాలితీసి బిగించిన ఆవకాయ పొట్లములు, ఇడ్లీ రేకులు, జంతికల గొట్టము, పోపుల పెట్టె, ఉన్నిచొక్కాలు, సర్టిఫికెట్ల దస్త్రము. పైచదువునకై టెక్సాసునకు పోవుచున్న ఆ యింటి ఆడపిల్ల రాబోవు సంసారమంతయు నేలమీద పరచియున్నది. తండ్రి చేత కొక్కెపు త్రాసు. ఎత్తినప్పుడెల్ల అంకె 23 కిలోలను మీరుచున్నది, మీరినప్పుడెల్ల ఏదో యొక వస్తువు పెట్టె విడిచి బయటికి వచ్చుచున్నది. ఈసారి పిల్లచేతికి చిక్కినది పట్టకారు.

"అక్కడ అన్నీ దొరుకుతాయి అమ్మమ్మా. ఈ ఇనుప ముక్క కోసం పప్పు ప్యాకెట్టు తీసేస్తారా?"

"పప్పు దొరుకుతుందే పిచ్చిదానా, ఇదే దొరకదు. మీ పెద్దక్కనడుగు. ఎవరైనా వస్తుంటే పంపించమని పోయిన సంక్రాంతి నుంచీ నా ప్రాణం తీస్తోంది."

అమ్మమ్మ మాటయే నెగ్గెను. పట్టకారు తువాలులో చుట్టుకొని ఉన్నిచొక్కాల నడుమ స్థిరపడగా, పప్పు పొట్లము వంటయింటికి తిరుగుముఖము పట్టినది.

పప్పు దొరకును, పట్టకారు దొరకదు: పరదేశమున తెలుగువారి నేటి యిబ్బందిని ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట కష్టము. న్యూజెర్సీలోని ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డుమీద గాని, డాలసు నగరపు శివారులలో గాని, సింగపూరు ముస్తఫా సెంటరులో గాని సోనామసూరి బియ్యమునకును, ఇంగువకును, నేతికిని నేడు కొరత లేదు. కాని మన గిన్నెలకు చెవులుండవు, పిడులుండవు. మంటమీది గిన్నె యంచును రెండు దవడలతో కరచిపట్టి దింపు ఈ పనిముట్టు, పిడిగల పాత్రలను తప్ప ఎరుగని వంటయిండ్లలో పుట్టుటకు కారణమే లేదు. అచ్చటి అంగళ్లలో కానవచ్చునది పచ్చికూరలను కలుపుటకో, కాల్చిన మాంసమును త్రిప్పుటకో పనికివచ్చు మెత్తని చిమటా. దానితో మరుగుచున్న చారుగిన్నెను దింపబోవుట సాహసము.

2025 ఆగస్టులో ఈ సామానుల సంగతి ఒక్కుమ్మడిగా ఇంటింట చర్చకు వచ్చినది. 800 డాలర్లకు లోబడిన పార్సెళ్లకు అమెరికా 2016 నుండి ఇచ్చుచుండిన సుంకపు మినహాయింపు ఆ నెల 29వ తేదీన రద్దగుననగా, ఆ సుంకమును ఎవరు వసూలుచేసి ఎవరికి చెల్లింపవలెనో తేలనందున, మన తపాలాశాఖ 25వ తేదీ నుండియే అమెరికా పార్సెళ్లను నిలిపివేసి, తిరిగి అక్టోబరు 15న గాని ప్రారంభింపలేదు. ఆ నడుమ దసరా వచ్చిపోయినది. అమీర్‌పేటలోను, విజయవాడలోను "అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు పచ్చళ్లు పంపబడును" అను బోర్డులు గల కొరియరు దుకాణముల ముందు తల్లిదండ్రులు నిలుచుండి కిలోకు ఎంత పెరిగినదని విచారించుట నిత్యకృత్యమయ్యెను. పంపుచున్న వస్తువు వెలకంటె పంపుటకగు వెల యెన్నో రెట్లు హెచ్చని వారికి తెలియును, తెలిసియే పంపుచుందురు.

రాయి తేలేనివారు, రాతిని చెక్కుకొన్నవారు

తెలుగువాడు సముద్రము దాటుట నేటిది గాదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవు నుండి చెరకుతోటల కూలికై మారిషసు ద్వీపమునకు పోయినవారు తమవెంట రోలు, సన్నికల్లు మోసికొనిపోగల స్థితిలో లేరు. కాని ఆ ద్వీపము అగ్నిపర్వతములు కక్కిన నేల, నల్లరాతికి కొదువలేదు. ఆ రాతినే చెక్కి, మసాలా నూరుకొను బండగా మలచుకొనిరి. భారతదేశపు నలుమూలల నుండి వచ్చిన కూలీలందరికిని అదియే ఆధారమయ్యెను. దానిని అచ్చటివారు "రోస్ కారి" అందురు. నేటికిని ఆ ద్వీపములో ఎన్నో యిండ్ల పెరళ్లయందు, భారతీయులు కానివారి యిండ్లయందు సైతము, కుళాయి ప్రక్కన ఆ బండను చూడవచ్చును. ప్రవాసుల చరిత్రలో వస్తువును వెంటబెట్టుకొని పోవుటకంటె, పోయినచోట దానిని మరల పుట్టించుకొనుటయే పాత పద్ధతి.

అమెరికాకు పోయినవారి కథ వేరు. 1965లో ఆ దేశము వలసచట్టమును మార్చి, జాతుల వారీ కోటాలను తొలగించిన పిమ్మట మన వైద్యులును, ఇంజనీర్లును వరుసకట్టిరి. నాటి విదేశీమారకపు కట్టుబాట్లవలన జేబులో 8 డాలర్లతో విమానము దిగితిమని ఆ తరమువారు నేటికిని చెప్పుకొందురు. న్యూయార్కులో 1944లోనే ఒక ఆర్మీనియన్ జాతివాడు స్థాపించిన కలుస్త్యాన్స్ అను దినుసుల అంగడి ఉండెను గాని, ఓహైయోలోనో, అలబామాలోనో ఉద్యోగము దొరకినవానికి అది కాశీయాత్రయే. షికాగో డెవాన్ వీథిలో పటేల్ సోదరులు తమ మొదటి దుకాణము తెరచినది 1974లో. అంతవరకును క్రీమ్ ఆఫ్ వీట్‌తో ఉప్మాయు, బిస్క్విక్ పిండితో గులాబ్‌జామును వండుకొని పండుగలు వెళ్లబుచ్చినవారే అందరును. పెరుగునకు తోడు లేక, శుభ్రమైన గుడ్డను పెరుగులో ముంచి నీడన ఎండబెట్టి పెట్టెలో దాచుకొని పోయినవారు కొందరు. అది కూడ లేనివారు పచ్చిమిరపకాయ తొడిమలను గోరువెచ్చని పాలలో వేసి రాత్రి కాపుకాసిరి. తొడిమలనంటియుండు సూక్ష్మజీవులు పాలను తోడుపెట్టుననుట శాస్త్రసమ్మతమే. రెండవ మూడవ తోడునకు గాని రుచి కుదురదు, అంతే.

ఆ తరము వస్తువులకై వ్రాసిన ఉత్తరములను ఎవరైన కూర్చి ప్రకటించిన బాగుండును. నీలిరంగు ఏరోగ్రామ్ మడతలో కుశలప్రశ్నలన్నియు ముగిసిన తరువాత, అంచున మిగిలిన జాగాలో, చిన్న అక్షరములతో "కుక్కరు గాస్కెట్టు 5 లీటర్లది" అని యుండెడిది.

గోడలోని విద్యుత్తు వేరు

ఇచ్చట గోడలో పారు విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అచ్చట 120 వోల్టులు, 60 ఆవృత్తులు. పెండ్లికి పుట్టింటివారిచ్చిన మిక్సీని ముచ్చటపడి తీసికొనిపోయిన యిల్లాలు దానిని అమెరికా గోడకు తగిలించినచో, అది మూలుగును గాని మినుములను నలుపదు. వోల్టులను పెంచు ట్రాన్స్‌ఫార్మరు కొనవలెను. మిక్సీ మోటారునకు తగిన ట్రాన్స్‌ఫార్మరు మిక్సీకంటె బరువు. దానిని వంటగట్టుమీద నిలుపుకొని, దాని హుంకారమును ప్రతి యుదయమును భరింపవలెను.

వెట్ గ్రైండరు సంగతి మరికొంత చిక్కు. మిక్సీలోని మోటారునకు ఆవృత్తులతో నిమిత్తము లేదు. గ్రైండరులోని ఇండక్షన్ మోటారు వేగము మాత్రము ఆవృత్తులనే అనుసరించును. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చునే గాని ఆవృత్తులను మార్చలేదు. కావున కోయంబత్తూరులో 50 ఆవృత్తులకై కొలిచి చేసిన రాయి, డెట్రాయిటులో అయిదవవంతు ఎక్కువ వేగముతో తిరుగును. పిండి వేడెక్కును. పులియుటకు ముందే వేడెక్కిన పిండితో వేసిన ఇడ్లీ యెట్లుండునో చెప్పనక్కరలేదు.

అచ్చటి బ్లెండరు కొనుక్కొనరాదా యని అడుగువారుందురు. ఆ యంత్రములు పండ్లను పాలతో చిలుకుటకు రూపొందినవి. ద్రవము లేనిదే బ్లేడు చుట్టును పదార్థము తిరుగదు. వేయించిన కందిపప్పును, ఎండుమిరపకాయలను, చింతపండును నీరు చేర్చక గట్టిగా నూరవలసిన కందిపచ్చడికి అది యెట్లు పనికివచ్చును? నీరు పోసినచో తిరుగును, కాని అది పచ్చడి గాక పులుసగును. ఇందులో ఒక వింత కలదు. 1960 దశకములో ముంబయిలో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు ఇంటిలో, జర్మనీనుండి వచ్చిన మిక్సీ మన నూరుడునకు ఓర్వలేక చెడిపోగా, ఆయన మన దినుసులకు తగిన బలమైన మోటారుతో సుమీత్ మిక్సీని తీర్చిదిద్దెను. అనగా మన మిక్సీ పుట్టినదే పాశ్చాత్య యంత్రము మన వంటయింట ఓడిపోయినందున. ఆ మిక్సీయే తిరిగి పడమటికి ప్రయాణమై గోడవద్ద ఆగిపోయినది.

కుక్కరునకు విద్యుత్తుతో పని లేదు గనుక అది సుఖముగా పోవును. చిక్కంతయు కూతతోనే. మన వంటలు కాలమును విజిళ్లతో కొలుచును: పప్పునకు మూడు, శనగలకు ఆరు. అమెరికాలో అమ్ము కుక్కర్లు కూయవు, నిమిషములలో చెప్పును. ఫోనులో తల్లి "మూడు విజిల్స్ రానిచ్చి దింపెయ్" అన్నప్పుడు, మౌనముగా ఆవిరివిడుచు ఆ పాత్రముందు నిలుచుండిన కూతురునకు దిక్కుతోచదు. ఇచ్చటి కుక్కరునే తీసికొనిపోయి కూయించినచో, ప్రక్కయింటివారు ఏమి ప్రేలుచున్నదోయని తలుపు తట్టుటయు కలదు.

> వీనికి బదులు ఏమి?
>
> రోటికి బదులు మెక్సికో దుకాణములలో అమ్ము మోల్కహేతె అను నల్లరాతి కల్వము పనికివచ్చును. కొత్తలో ఇసుక రాలును గనుక బియ్యము వేసి పలుమార్లు నూరి పారబోయవలెను. చెక్కలు, పూరీలు ఒత్తుకొనుటకు ఆ దుకాణములోనే టోర్టియా నొక్కుడుబల్ల దొరకును. దోసెకు అచ్చటి పోత ఇనుప పెనము మన పెనమునకు తీసిపోదు. పప్పుగుత్తికి బదులు ఉడికిన ఆలుగడ్డలను మెదుపు పరికరము. చేటకు మాత్రము ప్రత్యామ్నాయము లేదు. చెరిగి చూపించు ఓపిక ఉన్నవారును అరుదే.

ఇల్లే ఒప్పుకొనకున్నచో

అంగడి ఇయ్యనిదానిని విమానము తెచ్చి యిచ్చును. విమానము తెచ్చినదానిని ఇల్లు నిరాకరించినచో ఏమి చేయుట? అపార్ట్‌మెంట్లలో అనేకచోట్ల పొయ్యి సమతలమైన గాజుపలక; దానిమీద గుండ్రని అడుగుగల బూరెల మూకుడు నిలువదు, నిలిచినను వేడెక్కదు. ఇండక్షన్ పొయ్యియైనచో అల్యూమినియము గిన్నెను గుర్తింపనే గుర్తింపదు. పుల్కాను మంటమీద పొంగించుటకు మంటయే లేదు. ఇక పోపు: ఎండుమిరపకాయ, ఆవాలు చిటపటలాడి ఘాటు లేచిన క్షణముననే కప్పుకంటిన పొగగంట గగ్గోలు పెట్టును; వంట చేయువారు ఒకచేత గరిటె, ఒకచేత తువాలు పట్టుకొని గంటక్రింద విసరుచుండుట తెలుగు కాపురములలో సర్వసాధారణ దృశ్యము.

స్నానాల గది యింకను కఠినము. మనయింట గచ్చుమీద ఎక్కడ నీరు పోసినను తూము చేరును. అచ్చట తొట్టెలోపల తప్ప నేలకు తూము లేదు; బకెట్టు, చెంబు పట్టుకొని నేలమీద కూర్చుండి తలంటుకొనినచో, ఆ నీరు క్రింది అంతస్తువారి కప్పునుండి కారును. కుంకుడుకాయ పిప్పియు, సున్నిపిండియు సన్నని గొట్టములో అడ్డుపడి, ప్లంబరుకు పిలుపు వచ్చును. మరుగుదొడ్డిలో చెంబు లేని కొరతను గూర్చి మర్యాదస్థులు మాటలాడరు గాని, మొక్కలకు నీళ్లుపోయు ప్లాస్టిక్ కూజా మొక్కలే లేని తెలుగు యిండ్లలో ఎందుకుండునో తెలిసినవారికి తెలియును. 2020 మార్చిలో కోవిడు భయముతో అమెరికా అంగళ్లలో కాగితపు చుట్టలు మాయమైనప్పుడు, నీటిధార పరికరములు అక్కడివారే యెగబడి కొనిరి. మనవారికి ఆనాడు కలిగిన తృప్తిని కప్పిపుచ్చుకొనుట కష్టమయ్యెను.

ఈ యిబ్బందులన్నియు ఒక్కచోట కూడునది పురిటి సమయమున. కూతురు ప్రసవమునకై సందర్శకుల వీసామీద పోవు తల్లి పెట్టెను మించిన సామాను మరియెవ్వరి పెట్టెలోను ఉండదు: శొంఠి, వాము, పథ్యపు కారము, ఆముదము, పాత నూలుచీరల ముక్కలు, ఉగ్గుగిన్నె, సాంబ్రాణి. ఉగ్గుగిన్నె అరచేతిలో ఇమిడిపోవు వస్తువు. కొసదేరిన ముక్కుతో పసివాని నోటిలో బొట్టుబొట్టుగా జారవిడుచును. ఏ దేశపు పిల్లల దుకాణములోను ఆ రూపము కానరాదు. అన్నియు చేరినవి, బిడ్డ పుట్టినది, పదకొండవనాడు పురుడు. ఇప్పుడు నీళ్లుపోయవలెను. పీటమీద కాళ్లు చాచుకొని కూర్చుండి, ఆ కాళ్లమీద బిడ్డను బోరగిల పరుండబెట్టి, నూనెపట్టించి, కాగిన నీళ్లు చేతితో చూచి పోయు ఆ విద్యకు కావలసినది పీట గాదు, తూము గల గచ్చు. అమ్మమ్మ తొట్టెలోనికి దిగి కూర్చుండును. కాళ్లు చాచుటకు తొట్టె పొడవు చాలును గాని వెడల్పు చాలదు. మోచేతులు అంచులకు తగులును. నీళ్లుపోసిన పిదప సాంబ్రాణి పొగ వేయుదమనినచో కప్పుమీది గంట ఉండనే ఉన్నది. కొందరు అల్లుళ్లు ఆ పది నిమిషములు గంటకు ప్లాస్టిక్ సంచి తొడుగుదురు. అగ్నిమాపక నిబంధనలకు ఇది విరుద్ధమని వ్రాయుట మా విధి.

> పెట్టెలో పెట్టరానివి
>
> ఎండుకొబ్బరి: విమానయాన నియమములలో తనంతట తాను వేడెక్కి అంటుకొనగల పదార్థముల జాబితాలో ఉన్నది. అందలి నూనెయే కారణము. చెక్‌ఇన్ సామానులో కొబ్బరిచిప్పలు పట్టుబడినచో తీసివేయుదురు.
>
> కరివేపాకు: నిమ్మ, నారింజ జాతి తోటలను నాశనముచేయు "సిట్రస్ గ్రీనింగ్" తెగులును మోసికొనిపోవు సిల్లిడ్ అను చిన్నపురుగునకు కరివేపచెట్టు ఇష్టమైన నివాసము. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడినది. పచ్చి ఆకు తెచ్చినచో అమెరికా కస్టమ్సువారు స్వాధీనపరచుకొందురు.
>
> పిడకలు: 2021 ఏప్రిలులో వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయమున భారతదేశమునుండి వచ్చిన ఒక పెట్టెలో రెండు పిడకలు దొరికినవి. పశువుల గాలికుంటు వ్యాధి భయమువలన వానిని నాశనము చేసిరి. భోగిమంటకో, హోమమునకో తెచ్చినవారెవరో తెలియదు.
>
> గసగసాలు: మన వంటయింట మసాలా దినుసు, ఎమిరేట్సులో మాత్రము నిషిద్ధపదార్థము. గల్ఫునకు పోవువారి సామానులో, మసాలా పొడులలో సైతము, ఉండరాదు.

"కిలో కూడా ఉండదండీ"

కొరియరు లేని కాలమున వస్తువులు మనుష్యులచేత ప్రయాణము చేసెడివి. నేటికిని అధికభాగము అట్లే చేయుచున్నవి. ఊరిలో ఎవరింటి పిల్లవాడు ఏ తేదీన ఎక్కడికి పోవుచున్నాడో రైల్వే పట్టికకంటె నిర్దుష్టముగా తెలిసికొను తల్లులు ప్రతి వీథిలోను ఉన్నారు. సంభాషణ ఇంచుమించు ఒకే తీరున సాగును.

"వదినగారూ, మీ చిన్నవాడు పదో తారీకున వెళ్తున్నాడట కదా. మా అమ్మాయికి ఏదో చిన్న ప్యాకెట్టు..."

"దానికేం వదినా, ఇవ్వండి. ఎంతుంటుందేం?"

"అబ్బే, కిలో కూడా ఉండదండీ."

ప్రయాణపు ముందురాత్రి తొమ్మిది గంటలకు ఆ ప్యాకెట్టు వచ్చును, టేపు చుట్టబడి, పేరు వ్రాయబడి. కొక్కెపు త్రాసు మూడు కిలోలు చూపును. ఇప్పుడు ఆ యింటివారు చేయవలసిన నిర్ణయము సామాన్యమైనది గాదు. ఒప్పుకొనినచో తమ పిల్లవాని పచ్చడి మానుకొనవలెను. నిరాకరించినచో రేపు పేరంటమునకు పిలుపు రాదు. అదిగాక, పెట్టెను నీవే సర్దుకొంటివా, ఇతరులిచ్చినది ఏమైన ఉన్నదా యని విమానాశ్రయమున అడుగుదురు. కనుక జాగరూకుడైన తండ్రి టేపు విప్పి చూచును. విప్పిన మాట దాచవలెను, దాచుట సాధ్యము కాదు, చుట్టిన తీరు మారును. లోపల గాస్కెట్లు, ఒత్తుల కట్ట, బొట్టుబిళ్లలు, లంగా నాడాలు, రెండు స్టీలు గరిటెలు, అడుగున ఇత్తడి అష్టోత్తర దీపము. బరువంతయు ఆ దీపముదే.

ఒకప్పుడు పెట్టె ఒక్కింటికి 32 కిలోలు అనుమతించు కాలములో ఈ మొగమాటమునకు చోటుండెను. 23 కిలోలు వచ్చిన పిమ్మట స్నేహములు గ్రాములలో తూగుచున్నవి.

తనదను గిన్నె లేనివారు

ప్రవాసుల సామాననగానే మనకు అమెరికాయే స్ఫురించుట న్యాయము గాదు. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయికిని, కోనసీమ, కడప ప్రాంతములనుండి కువైటునకును పోయినవారి సంఖ్య అల్పమైనది గాదు. వస్తువు దొరకుట అను ప్రశ్నకు అచ్చట అర్థమే వేరు. బర్ దుబాయి మీనాబజారులో పట్టకారు మొదలు పూజాసామగ్రి వరకు సమస్తమును అమ్ముదురు. అంతస్తుల మంచముపై నిదురించు కూలివానికి దానిని పెట్టుకొనుటకు వంటయిల్లు లేదు. పలువురు కలిసి వండుకొను ఒక పొయ్యి, మంచము క్రింద ఒక పెట్టె. కువైటులో పరుల యింట పనిచేయు స్త్రీ దినమంతయు వంటయింటనే గడపును. ఆ గిన్నెలు, ఆ కత్తులు, ఆ పొయ్యి, ఆ మసాలాలు, ఏవియు తనవి గావు. తన రుచికి కాసింత చారు కాచుకొనుటకు యజమానురాలి అనుమతి కావలెను. సెలవుమీద ఊరికి వచ్చునప్పుడు ఈమె పెట్టె తెచ్చునది దుప్పట్లు, అత్తరులు, పాలపొడి డబ్బాలు. తిరిగిపోవునప్పుడు తీసికొనిపోవునది ఒక పచ్చడి సీసా. పెద్ద సూట్‌కేసుల కథ వీరిది గాదు.

గాస్కెట్టు లెక్క

ఇంతకును చిన్న వస్తువే యెందుకు దొరకదు? సమాధానము దుకాణదారుని అరలో ఉన్నది. సముద్రముమీద కంటెయినరు తెప్పించు వర్తకుడు ప్రతి అరకును అద్దె లెక్కవేసికొనును. బియ్యపు మూట వారమునకొకసారి అమ్ముడుపోవును. కుక్కరు గాస్కెట్టు ఒక యింటికి రెండేండ్లకొకటి చాలును, పైగా కంపెనీకొక కొలత, లీటరుకొక కొలత. పట్టకారు ఒకసారి కొనినవాడు మరల జన్మలో కొనడు. అరిగిపోనిదియు, ఆలస్యముగా అరుగునదియు వర్తకునకు లాభము తేవు. ఆ కారణముననే, తెలుగు మాటలాడువారి సంఖ్య అమెరికాలో 2017 నాటికే నాలుగు లక్షలు దాటినను, ఉగ్గుగిన్నెకు గిరాకీ దుకాణపు అర యెత్తునకు చేరలేదు.

పెద్ద వస్తువులకు మాత్రము దారి దొరకినది. మన మిక్సీ, గ్రైండరు కంపెనీలు 110 వోల్టుల నమూనాలను ప్రత్యేకముగా చేసి పంపుచున్నవి. కుక్కరు చిక్కును తీర్చినవాడు మనవాడు గాదు: కెనడా రాజధాని ఒట్టావాలో రాబర్ట్ వాంగ్ అను ఇంజనీరు రూపొందించి 2010లో విడుదలచేసిన ఇన్‌స్టంట్ పాట్ మన వంటయిండ్లను ఎంత త్వరగా ఆక్రమించెననగా, విజిళ్ల భాషను నిమిషముల భాషలోనికి మార్చు పట్టికలు తెలుగు తల్లులు తమ కూతుండ్ర ఫోనులకు పంపనారంభించిరి. పెరుగు తోడుకొనుటకును అందులోనే మీట యున్నది. దానికిని ఒక రబ్బరు ఉంగరము కలదు. సాంబారు వాసన పట్టుకొని వదలదు. అదియు రెండేండ్లకు మార్చవలసినదే. అయితే అది అచ్చటి అంగడిలో దొరకును.

అంతర్జాలపు అంగళ్లలో వెదకినచో పట్టకారు సైతము కనబడుననుట నిజమే. అయితే దానిని ఏ పేరుతో వెదకవలెనో తెలియవలెను గదా. ఆ పిల్లకు అమ్మమ్మ నేర్పినది ఒక్కటే పేరు.

తిరిగి వచ్చినవారు

పిల్లలతో హైదరాబాదునకు తిరిగివచ్చిన కుటుంబములు గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో నేడు తక్కువ గావు. వీరి పెట్టెలలో వచ్చిన వస్తువులకును అదే గతి పట్టుచున్నది. పిల్లలకు అలవాటైన వాఫిల్ యంత్రము, ఇరువది యేండ్లు కాఫీ కాచిన యంత్రము, బ్రెడ్డు పిండి కలుపు బరువైన మిక్సరు, అన్నియు 120 వోల్టులవి. 230 వోల్టుల గోడకు తగిలించిన క్షణముననే పొగ విడుచును. కొలత గిన్నెలు ఇచ్చటివి మిల్లీలీటర్లలో ఉండుటచే కేకు కుదురలేదని అలుగు పిల్లలు, నాయనమ్మ వేసిన ముగ్గును తొక్కరాదని తెలియక తొక్కి ఏడ్చు పిల్లలు, ఇద్దరును ఒకే యింట ఉన్నారు.

కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్ము ఒక దుకాణము ముందు, నెరసిన జుట్టు గల ఒక పెద్దమనిషి సంచిలోనుండి అమెరికా కాఫీ యంత్రమును తీసి బల్లమీద పెట్టెను. వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను.

"ఎన్ని వాట్లు సార్ ఇది?"

"తొమ్మిది వందలు రాసుంది బాబూ."

"గట్లయితే పదిహేనువందలదే తీస్కోవాలె. గా పైసలతోటి ఇంకో కాఫీ మిషనే వస్తది గద సార్."

"వస్తుందయ్యా. దీనికి సరిపోయే ఫిల్టర్లు అక్కడి నుంచి ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్నాం."

"అయిపోయినంక?"

"మా అబ్బాయి స్నేహితుడు డిసెంబర్లో వస్తున్నాడు."